సున్నాకి దిగువన

కాకినాడలో జగన్నాథపురం వంతెనకి ఇవతల, ఒక ఇడ్లీ హోటలు మేడమీద, పంతొమ్మిదో కరెక్షను దగ్గర హైమావతి ఓపిక చచ్చిపోయింది.

"మేడమ్, బ్రహ్మాండంగా ఉంది. ఒక్కటే ఒక్కటి. ఇంకొంచెం నల్లగా కావాలి," అన్నాడు హైదరాబాదు నించి ఫోనులో డైరెక్టరు ప్రభంజన్.

హైమావతి కళ్లు మూసుకుని పది వరకూ లెక్కపెట్టింది. చాలలేదు. ఇరవై వరకూ లెక్కపెట్టింది.

"సార్, కంప్యూటరుకి నలుపంటే సున్నా. ఎరుపు సున్నా, ఆకుపచ్చ సున్నా, నీలం సున్నా. మూడు సున్నాలూ పెట్టేశాను. ఇంక తగ్గించడానికి అక్కడేం మిగల్లేదు."

"సున్నా అని మీకు తెలుసు మేడమ్. టిక్కెట్టు కొన్నవాడికి తెలీదుగా! వాడి గుండె జారాలి. ఇంకొంచెం."

ఆయన తీస్తున్నది పాతాళం కథ. పాతాళానికి గుమ్మం కావాలి. మామూలు గుహ అయితే పాతబడిపోయిందని, అంతరిక్షంలో ఉండే కృష్ణబిలాన్నే తెచ్చి గుమ్మంగా పెట్టమన్నాడు. పెద్ద నక్షత్రం ఒకటి చచ్చి తనలోకి తనే కూలిపోతే, దాని లాగుడుకి దగ్గరికెళ్లిన వెలుతురు కూడా తిరిగి రాదు. చుట్టూ ఉన్న వెలుతురు వంగిపోయి ఉంగరంలా తిరుగుతుంటుంది. ఆ వంపు కంటికి నిజంలా కనపడాలని హైమావతి రెండేళ్లు కూర్చుని సొంతంగా ఒక ప్రోగ్రామ్ రాసుకుంది. పుస్తకాల్లో ఉన్న లెక్కలన్నీ అందులో పోసింది. ఒకే ఒక్కటి మర్చిపోయింది. సున్నా దగ్గర గడియ పెట్టలేదు. సున్నా కంటే దిగువకి వెళ్లాలనుకునే మనిషి ఉంటాడని ఎవరు మాత్రం అనుకుంటారు?

స్టూడియో యజమాని పేర్రాజుగారు పక్కనే కుర్చీలో కూర్చుని వింటున్నాడు. ఆయన వయసు డెబ్భై రెండు. నలభై ఏళ్లు సినిమా హాళ్లకి బ్యానర్లు రాసి, ఆ పని మూలపడ్డాక కంప్యూటర్లు కొని గ్రాఫిక్సు స్టూడియో పెట్టాడు.

"హైమమ్మా, నలుపుకేం కొదవే? మా రోజుల్లో యముడి దున్నపోతుకి నలుపు చాల్లేదని హాలు వాడు గోల పెడితే, ఆముదం దీపం మసి పట్టి ఏడు పూతలు పూశాను. పొద్దున్నే వెళ్లి చూస్తే ఏముంది, దున్నపోతు మీద వాలిన కాకి కనపడ్డం లేదు! కావు కావుమంటోంది, కాకి లేదు. మూడ్రోజులు ఆ కనపడని కాకికే మెతుకులు వేశాం."

"ఆ మసి నా కంప్యూటర్లో లేదండీ పేర్రాజుగారూ."

"మరి ఉన్నదాంట్లోనే చూడమ్మా. ఆయన ఊరుకోడు."

హైమావతికి ఒళ్లు మండింది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, సున్నా చెరిపేసి మైనస్ ఒకటి కొట్టింది. ప్రోగ్రామ్ ఎలాగూ కుదరదంటుందని, ఆ ముక్కే ఆయన మొహాన కొట్టొచ్చని ఆవిడ ఎత్తు.

ప్రోగ్రామ్ కుదరదనలేదు.

తెర మధ్యలో ఉన్న నలుపు లోపలికి దిగింది. కొత్త బొమ్మ ఫోనులో అందుకున్న ప్రభంజన్ కేక పెట్టాడు.

"ఇదీ! ఇదీ మేడమ్ నేనడుగుతున్నది! పంతొమ్మిది సార్లు ఎక్కడ దాచారండీ దీన్ని? ఇంకొంచెం!"

అసలు సంగతి ఏమిటంటే, ఏమీ లేనిదానికంటే తక్కువ వెలుతురు చూపించమని అడిగితే, ఆ తక్కువని కంప్యూటరు ఎక్కణ్ణించి తెస్తుంది? గదిలోంచి తెచ్చింది. మొదట ట్యూబులైటు వెలుతురు కాస్త మందగించింది. హైమావతి ఓల్టేజీ అనుకుంది. మైనస్ రెండుకి గోడమీద క్యాలెండరు రంగు వెలిసింది. సముద్రపు గాలి అనుకుంది. మైనస్ మూడుకి గదిలో తీసుకోదగ్గ వెలుతురు అయిపోయింది. అప్పుడు అది కాలాన్ని తీసుకోవడం మొదలెట్టింది.

ఒక సోమవారం ఉదయం పదింటికి ఆవిడ మైనస్ నాలుగు కొట్టి, ఉంగరం అంచులు సరిచేయడానికి కూర్చుంది. ముప్పావుగంట పైచిలుకు పని చేసి ఉంటుంది. మధ్యలో పేర్రాజుగారు వచ్చి "డైరెక్టరు గారు మెచ్చుకున్నారు" అని చెప్పి వెళ్లాడు. కిటికీ అవతల ఏదో చీకటి పడినట్టూ తెల్లారినట్టూ అనిపించింది గానీ, పనిలో ఉన్న మనిషి కిటికీ ఎందుకు చూస్తుంది! ఇంతలో మొగుడు త్రిమూర్తులు ఊడిపడ్డాడు. మాటా పలుకూ లేకుండా జబ్బ పట్టుకుని గుమ్మం బయటికి ఈడ్చాడు.

"ఏంటండీ ఇది! నలుగురూ చూస్తున్నారు!"

"ఇవాళేం వారం?" అన్నాడు త్రిమూర్తులు.

"సోమవారం."

"గురువారం! మధ్యాహ్నం పన్నెండింటికి నిన్ను లాక్కురావడానికి లోపలికెళ్లాను. ఒక్క నిమిషం. ఇప్పుడు ఒంటిగంటన్నర."

త్రిమూర్తులుకి మెయిన్ రోడ్డులో మోటార్ వైండింగు షాపు ఉంది. తీగ చుట్ల లెక్క తప్పని మనిషి. అబద్ధమాడితే చెవులు ఎర్రబడతాయి. ఇప్పుడు ఎర్రబడలేదు.

"మూడ్రోజుల్నించి ఈ గుమ్మంలోనే పడున్నాను. లోపలికెళ్లిన ఈ పేర్రాజుగారు తిరిగి గుమ్మం దాటేసరికి పూటైపోయింది, నేను కూడా చిక్కుకుంటే పిల్లనెవరు చూస్తారు? పిలిచాను. అరిచాను. నువ్వు టీ గ్లాసెత్తి ఒక గుక్క తాగి దించేసరికి పావుగంట పట్టింది. గ్లాసు మీద ఆవిరి అప్పడంలా నిలబడిపోయింది. నీకేదో గాలి సోకిందని కింద ఇడ్లీ హోటలాయన నిమ్మకాయలు కట్టాడు!"

హైమావతి వెనక్కి తిరిగి చూసింది. గుమ్మానికి నిజంగానే నిమ్మకాయలు ఉన్నాయి. వాటి పక్కన పేర్రాజుగారు నేల చూపులు చూస్తున్నాడు.

"మీరు మొదటిరోజే ఎందుకు చెప్పలేదండీ?"

"చెప్పాలనే వచ్చానమ్మా. వచ్చాక నీ పని చూసి... ఎంత బాగా వస్తోందో చూసి..." అని ఆయన గొణిగాడు.

ఇంటికెళ్లేసరికి కూతురు కిన్నెర అరుగుమీద కూర్చుని ఉంది. తొమ్మిదేళ్లది, నాలుగో క్లాసు. నోరు తెరవగానే ముందుపన్ను లేదు.

"మంగళారం ఊడింది. పేడలో పెట్టి ఇంటిమీదకి విసిరెయ్యమన్నాడు నాన్న. నువ్వొచ్చాక విసురుతానన్నాను," అని మాత్రల డబ్బీ తీసి చూపించింది. లోపల బియ్యపు గింజంత పన్ను. "బుధారం బళ్లో డాన్సు కూడా అయిపోయింది. మా క్లాసు మేరీరోజ్ వాళ్లమ్మ నీ కుర్చీలో కూర్చుంది. బానే చేశాను."

కిన్నెర ఏడ్చి ఉంటే హైమావతి ఓదార్చేది. ఆ పిల్ల ఏడవలేదు. బానే చేశానంది. ఆ సాయంత్రం తల్లీ కూతురూ కలిసి పన్ను ఇంటిమీదకి విసిరారు. మర్నాడు పొద్దున్నే హైమావతి పేర్రాజుగారికి ఫోను చేసి, మైనస్ నాలుగుతో సరి, ఇంక ఆ గదిలో అడుగుపెట్టనని చెప్పేసింది. వచ్చేవారం మనసు కుదుటపడ్డాక, గుమ్మంలో నిలబడి ఎలా తీసేయాలో ఆలోచిద్దామంది.

ఆ వచ్చేవారం రానేలేదు. ఆదివారం నాడు ప్రభంజన్ స్వయంగా కారేసుకుని దిగాడు.

పేర్రాజుగారు ఆయనకి అంతా చెప్పాడు. ఆవిరి సంగతి, నిమ్మకాయల సంగతి, అన్నీ. ప్రభంజన్ విని పకపకా నవ్వాడు. పెద్దాయన కోతలు కోస్తాడని ఆయనకి ముందే తెలుసు. డెబ్భై రెండేళ్లలో పేర్రాజుగారు ఒకే ఒక్కసారి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎవరూ నమ్మకపోవడానికి అదే ముహూర్తం దొరికింది.

"ఇంకొంచెం, ఇంకొంచెం అని నలభై సార్లు అడిగితే మేడమ్‌కి కోపం. ఒకేసారి పెట్టేస్తే గొడవుండదు," అని ఆయన కుర్చీలో కూర్చుని మైనస్ నలభై కొట్టాడు.

కొట్టి, ఆహా అందామని నోరు తెరిచాడు. తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

హైమావతి పరుగున వచ్చేసరికి త్రిమూర్తులు గుమ్మం అవతల స్టూలు వేసుకుని చేతిగడియారం పట్టుకుని ఉన్నాడు. మంగళవారం దాకా అక్కడే ఉండి లెక్క తేల్చాడు. డైరెక్టరు గారు ఒక్కసారి రెప్ప వాల్చి ఎత్తడానికి రెండు రోజులు.

ఆ మందకొడితనం ఆ గదితో ఆగలేదు. రోజుకి జానెడు చొప్పున బయటికి పాకింది. వారం తిరిగేసరికి మెట్లమీదకి దిగింది. మెట్లమీంచి దూకబోయిన పిల్లి ఒకటి నాలుగు కాళ్లూ చాపుకుని గాలిలో వేలాడుతుంటే ఊరంతా తిరునాళ్లలా వచ్చి చూసింది. పదో రోజుకి కింది హోటల్లో సరిగ్గా ఆ గది కిందున్న ఇడ్లీపాత్ర ఉడకడం మానేసింది. ఆఫీసర్లు వచ్చారు. టేపు పెట్టి కొలిచారు. మెట్లమీదకి చాపిన టేపు వెనక్కి లాగితే ఎంతకీ రాలేదు. ఆ సంగతి కాగితం మీద రాసుకుని వెళ్లిపోయారు. వీధిలో మెయిన్ ఆపేసి చూశారు. బయట ఆగింది. లోపల తీగల్లో మిగిలిన కరెంటు చుక్క అయిపోవడానికి ఎన్నేళ్లు పడుతుందో త్రిమూర్తులు లెక్కకట్టి, ఆ అంకె పైకి చెప్పకుండా కాగితం నలిపేశాడు. మళ్లీ మెయిన్ వేయించాడు.

"ఈ లెక్కన రెండేళ్లలో వంతెన, పదేళ్లలో సముద్రం," అన్నాడు ఆ మధ్యాహ్నం ఇంట్లో అన్నం ముందు కూర్చుని.

హైమావతి కంచంలో వేలితో గీతలు గీస్తోంది.

"నలభై మెట్లు దిగింది. ఒక్కో మెట్టే పైకి లాగాలి. ఒకేసారి సున్నా కొడితే ప్రోగ్రామ్ పడిపోతుంది, నలుపు అలాగే ఉండిపోతుంది. మెట్టుకి అర నిమిషం. మొత్తం ఇరవై నిమిషాల పని."

"ఇరవై నిమిషాలకి బయట?"

"కింద ఉన్నప్పుడు నిమిషానికో ఏడాది. పైకొచ్చేకొద్దీ తగ్గుతుంది. అంతా కలిపితే ఆరేళ్లు."

త్రిమూర్తులు ముద్ద కంచంలో పడేశాడు. "నువ్వే ఎందుకెళ్లాలి? ఆ పని ఇంకెవరికైనా నేర్పు!"

"నా ప్రోగ్రామ్ నేర్చుకోవడానికి మంచి బుర్రున్నవాడికే రెండేళ్లు. ఈలోగా వంతెన పోతుందని మీరే కదా అన్నారు!"

"గడియ పెట్టడం మర్చిపోయానని నువ్వే కదా అన్నావు! నీ వంట గదికి రెండు గడియలు, బీరువాకి మూడు, ఆ దిక్కుమాలిన సున్నాకి ఒక్కటి పెట్టడానికి చెయ్యి రాలేదా?"

"రాలేదు! ఏం చేయమంటారు, ఉరేసుకోనా? ఇరవై నిమిషాలు కూర్చుని లేచేసరికి దానికి పదిహేనేళ్లు. నాకంటే పొడుగైపోతుంది. దాని జడ నేను వెయ్యను. దానికి జ్వరమొస్తే నేనుండను. వచ్చాక నన్ను చూసి, కూర్చోండి ఆంటీ అంటుంది!"

ఆవిడ ఇంక ఆపుకోలేకపోయింది. త్రిమూర్తులు నీళ్ల గ్లాసు అందించాడు, తిట్టుకుంటూనే.

కిన్నెర పప్పన్నం కలుపుకుంటూ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నేనూ వస్తే?"

"ఎక్కడికే?"

"లోపలికి. నువ్వు పని చేసుకో. నేను పక్కన కూర్చుంటాను. అప్పుడు నాక్కూడా ఇరవై నిమిషాలేగా?"

మొగుడూ పెళ్లాం మొహమొహాలు చూసుకున్నారు. పదకొండు రోజుల్నించి ఊరంతా తలలు పట్టుకున్నా ఎవరికీ తట్టని ఉపాయం అది.

"నీ బడి?" అంది హైమావతి.

"ఆరేళ్లు సెలవు!" అని కిన్నెర ఎగిరింది. ఎగిరి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది. "మేరీరోజ్‌ని కూడా తీసుకెళ్దామా?"

"వాళ్లమ్మ ఊరుకోదమ్మా."

కిన్నెర మళ్లీ కంచం ముందు కూర్చుంది. "అయితే వచ్చాక ఆడుకుంటాం," అంది.

"మరి నేనేం చెయ్యాలి? ఆరేళ్లు ఒక్కణ్ణే చారు కాచుకుంటూ కూర్చోవాలా?" అన్నాడు త్రిమూర్తులు. "నేనూ వస్తున్నాను. షాపు తాళం మా తమ్ముడికిచ్చేస్తాను. వాడు ఆరేళ్లలో ముంచకుండా ఉంటే గొప్పే."

మరుసటి బుధవారం ఉదయం ముగ్గురూ బయల్దేరారు. త్రిమూర్తులు చేతిలో పులిహోర కారేజీ, కిన్నెర వీపున బడిసంచి. మేరీరోజ్ మెట్ల దాకా వచ్చి, తన చేతికున్న ఎర్ర పూసల గొలుసు తీసి కిన్నెర చేతికి కట్టింది. కిందమెట్టు దగ్గర పేర్రాజుగారు కొత్త పంచె కట్టుకుని నిలబడ్డాడు.

"కుర్చీ నేనే ఇచ్చానమ్మా ఆయనకి," అన్నాడు హైమావతితో.

"గడియ నేనే పెట్టలేదండీ."

"ఉంటే ఇక్కడే ఉంటాను. లేకపోతే..." ఆయన నవ్వాడు. "లేకపోతే ఆ కాకి లాగే, కనపడకుండా ఉన్నాననుకో."

లోపలికి అడుగు పెట్టగానే కిటికీ పాడైన స్టార్టరు ఉన్న ట్యూబులైటులా టపటపా కొట్టుకోవడం మొదలెట్టింది. పగలు, రాత్రి, పగలు, రాత్రి. వీధిలో మనుషులు కనపడ్డం మానేశారు. తెర ముందు ప్రభంజన్ "...హా!" అని ముగించాడు.

"మేడమ్! మీరెప్పుడొచ్చారు? చూశారా, ఎంత బాగుందో! ఇంకొంచెం—"

"లేవండి," అంది హైమావతి.

"ఒక్క క్షణం మేడమ్, ఈ కోణంలో—"

"లేస్తారా, లేపనా?"

లేచాడు. ఆవిడ కూర్చుని మైనస్ ముప్ఫై తొమ్మిది కొట్టింది. అర నిమిషం ఆగాలి. ఆ అర నిమిషంలో కిటికీ మీద వాన కొట్టి, వెలిసి, ఎండ కాసింది.

"కూర్చోండి డైరెక్టరు గారూ," అని త్రిమూర్తులు కారేజీ విప్పాడు. "పులిహోర తినండి. మీ సినిమా ఆగిపోయి ఇప్పటికి నాలుగు నెలలై ఉంటుంది."

"ఏంటి! ఇప్పుడే కదండీ దిగాను!"

"తినండి. ఈ ముద్ద మింగేసరికి ఇంకో నెల."

ప్రభంజన్ కిటికీ వంక చూశాడు. మొహం పాలిపోయింది. హైదరాబాదులో తనకి నిశ్చయమైన పెళ్లి ఉందనీ, ముహూర్తం వచ్చే శుక్రవారమనీ గొణిగాడు. తిట్టడానికి దాచుకున్న మాటలన్నీ హైమావతి నోట్లోనే ఉండిపోయాయి. పులిహోర ఆయన గొంతు దిగలేదు.

కిన్నెర నేలమీద బోర్లా పడుకుని ఎక్కాలు రాస్తోంది. "అమ్మా, మూడో వానాకాలం!" అని అరిచింది. హైమావతి ఇరవై ఎనిమిది కొట్టింది. వీపు తడిసిపోయింది. తప్పు నొక్కితే ఎన్నేళ్లు పోతాయోనని ప్రతి అంకె రెండేసిసార్లు చూసుకుంటుంటే త్రిమూర్తులు వచ్చి ఆవిడ భుజాల మీద చేతులు వేసి నిలబడ్డాడు.

పదిహేను. తొమ్మిది. కిటికీ కొట్టుకోవడం నెమ్మదించింది. ఇప్పుడు పొద్దు పొడవడం, వాలడం కంటికి ఆనుతోంది. నాలుగు. ఆకాశంలో మబ్బులు పాకుతున్నాయి. ఒకటి. వీధిలోంచి ఎవరో చేపలమ్మి కేక సన్నగా మొదలై మామూలు గొంతుకి దిగింది.

సున్నా.

తెరమీద నలుపు ఉత్త నలుపయింది. హైమావతి ప్రోగ్రామ్ తెరిచి, సున్నా దగ్గర ఒక్క వరుస రాసి గడియ పెట్టింది. ఆ మీదట ప్రోగ్రామ్‌ని మొత్తం చెరిపేసింది. రెండేళ్ల పని.

కింద ఇడ్లీ వాసన వస్తోంది. హోటలు మళ్లీ నడుస్తోంది. మెట్లమీద పిల్లి దూకి పారిపోయింది. కిందమెట్టు దగ్గర పేర్రాజుగారు లేడు. అక్కడ గోడకి ఆయన ఫొటో, దానికి ఎండిన దండ ఉన్నాయి. త్రిమూర్తులు చెప్పులు విడిచి నిలబడ్డాడు. హైమావతి ఆ దండ సరిచేసింది. ఆయన ఎన్ని అబద్ధాలు చెప్పినా ఈ మాట మాత్రం నిజమే చెప్పాడు, ఇక్కడే ఉన్నాడు.

వీధిలో జనం పోగయ్యారు. వాళ్లని తోసుకుని కాలేజీ యూనిఫాంలో పొడుగాటి అమ్మాయి ఒకతె ముందుకొచ్చింది. రెండు జడల్ని వెనక్కి వేసుకుని, కళ్లద్దాలు సర్దుకుని, కిన్నెర వైపే చూస్తోంది.

"రోజూ కాలేజీకి ఇటుగానే వెళ్తాను," అంది. గొంతు మారింది. "ఏంటే, నువ్వు... ఇంత చిన్నగా ఉండేదానివా?"

కిన్నెర చేతికి ఎర్ర పూసలు ఉన్నాయి. ఇరవై నిమిషాల కిందట కట్టినవి. ఆ పిల్ల మేరీరోజ్‌ని కింది నించి పైదాకా చూసింది. ఒక్క అడుగు వెనక్కి వేసి తల్లి చీర కుచ్చిళ్లలో మొహం దాచుకుంది.

మేరీరోజ్ వంగింది. వంగి, ఏం మాట్లాడాలో తోచక, చిన్నపిల్లలతో అందరూ అనే మాటే అంది.

"ఏ క్లాసమ్మా నువ్వు?"

కిన్నెర ఏడ్చింది. పన్ను ఊడినప్పుడు, డాన్సు రోజున తల్లి రానప్పుడు ఏడవని పిల్ల, నడివీధిలో నోరు బార్లా తెరిచి ఏడ్చింది. హైమావతి దాన్ని ఎత్తుకుంది. తొమ్మిదేళ్ల పిల్ల బరువుగానే ఉంది. అయినా దించలేదు. మొగుడు అందుకోబోతే "ఉండండి" అని కసిరి, ఇంటి దాకా తనే మోసుకెళ్లింది.